గ్లియా కణాల అధ్యయనంలో ప్రోటీను డేటాబేసులు

మెదడులోను, వెన్నుపాములోను నాడీకణాలను అంటిపెట్టుకొని ఉండి వాటికి ఆసరా, పోషణ, రక్షణ కల్పించే కణాలను గ్లియా కణాలు అంటారు. ప్రతి కణం చేసే పనిని ప్రధానంగా నిర్ణయించేవి దానిలోని ప్రోటీనులు, అనగా మాంసకృత్తులు. ఏ ప్రోటీను ఏ కణంలో ఉన్నది, దాని నిర్మాణం ఎట్టిది, దానిలో ఏ మార్పు ఏ వ్యాధికి దారి తీస్తుంది అనే సమాచారాన్ని ఒకచోట క్రమబద్ధంగా చేర్చి, అందరికీ అందుబాటులో ఉంచిన కంప్యూటరు భాండాగారాలే ప్రోటీను డేటాబేసులు. పసిపిల్లల మెదడును దెబ్బతీసే అలెగ్జాండర్ వ్యాధి, చూపును పోగొట్టగల న్యూరోమయలైటిస్ ఆప్టికా, జ్ఞాపకశక్తిని హరించే అల్జీమర్స్ వ్యాధి - ఈ మూడింటిలోను గ్లియా కణాల పాత్రను అర్థం చేసుకొనడానికి ఇవి ఎంతగానో తోడ్పడుతున్నవి. అయితే డేటాబేసులో వ్రాసి ఉన్న ప్రతి మాటకూ ఒకే బలం ఉండదు. ప్రతి మాట వెనుక ఉన్న సాక్ష్యాన్ని చూసి చదవడమే ఈ అధ్యయన పద్ధతికి మూలసూత్రం.

గ్లియా కణాలు

1856లో జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో మెదడులో నాడీకణాల నడుమ ఉన్న పదార్థానికి "న్యూరోగ్లియా" అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో గ్లియా అనగా జిగురు. నాడీకణాలను అతికించి ఉంచే జిగురు వంటి పదార్థమని ఆయన భావించాడు. తరువాతి పరిశోధనలలో ఇది ఉత్త జిగురు కాదని, పలు రకాల కణాల సముదాయమని తేలినది. కేంద్ర నాడీ మండలంలోని ముఖ్యమైన గ్లియా కణాలు మూడు రకాలు.

ఆస్ట్రోసైటులు: నక్షత్రం వలె నలువైపులా శాఖలు చాచిన కణాలు. ఇవి రక్తనాళాలను తమ పాదాలతో చుట్టి ఉండి నీరు, లవణాలు, పోషక పదార్థాల రాకపోకలను క్రమపరుస్తాయి.

ఆలిగోడెండ్రోసైటులు: నాడీకణాల పొడవైన తంతువుల చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగును చుట్టే కణాలు. ఈ తొడుగు వలన నాడీ సంకేతాలు వేగంగా ప్రయాణిస్తాయి.

మైక్రోగ్లియా: మెదడులోని రక్షకభట కణాలు. చనిపోయిన కణాలను, వ్యర్థాలను ఇవి మ్రింగివేస్తాయి. స్పెయిను శాస్త్రవేత్త పియో దెల్ రియో ఓర్తెగా 1919లో వీటిని ప్రత్యేక కణాలుగా వర్ణించాడు.

గ్లియా కణాలు నాడీకణాల కంటె పది రెట్లు ఎక్కువ అని పాఠ్యపుస్తకాలలో చాలాకాలం వ్రాసేవారు. 2009లో ప్రకటించిన ఒక లెక్క ప్రకారం మానవ మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు, నాడీకణాలు కానివి సుమారు 8,500 కోట్లు. అనగా రెండూ ఇంచుమించు సమానమే. ఒక పుస్తకం నుండి మరొక పుస్తకానికి ఎక్కినంత మాత్రాన ఒక సంఖ్య నిజం కాజాలదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. డేటాబేసులను చదివేటప్పుడు కూడా ఈ మెలకువ అవసరం.

ప్రోటీను డేటాబేసుల చరిత్ర

ప్రోటీను అనగా అమైనో ఆమ్లాల గొలుసు. 20 రకాల అమైనో ఆమ్లాలు ఏ వరుసలో కూర్చబడినవో దానిని బట్టి ప్రోటీను ఆకారం, పని నిర్ణయమవుతాయి. ఈ వరుసలను మొదటిసారిగా సేకరించి గ్రంథరూపంలో ప్రచురించినది అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ డేహాఫ్. 1965లో వెలువడిన ఆ సంకలనంలో 65 ప్రోటీనుల వివరాలు ఉన్నవి.

1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ప్రోటీన్ డేటా బ్యాంక్ ప్రారంభమైనది. ఇది ప్రోటీనుల త్రిపరిమాణ నిర్మాణాలను భద్రపరచే నిధి. ఏడు నిర్మాణాలతో మొదలైన ఈ నిధిలో 2023 నాటికి నిర్మాణాల సంఖ్య రెండు లక్షలు దాటినది. 1986లో ఆమోస్ బైరోక్ స్విట్జర్లాండులో స్విస్-ప్రాట్‌ను స్థాపించాడు. ఇందులోని ప్రతి పద్దును నిపుణులు పరిశోధనా పత్రాలను చదివి వ్రాస్తారు. నిపుణుల పరిశీలన ఇంకా అందని వరుసలకై కంప్యూటరు స్వయంగా వివరాలు నింపే ట్రెంబల్ 1996లో వచ్చినది. 2002లో ఐరోపా, స్విట్జర్లాండు, అమెరికా సంస్థలు కలిసి ఈ రెండింటిని యూనిప్రాట్ అనే ఒకే గొడుగు క్రిందికి తెచ్చాయి.

2003లో స్వీడనులో మథియాస్ ఉలేన్ నాయకత్వాన హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ మొదలైనది. ఏ ప్రోటీను శరీరంలోని ఏ కణజాలంలో కనబడుతున్నదో ఇది చిత్రాలతో చూపుతుంది. భారతదేశానికి కూడా ఈ రంగంలో చెప్పుకోదగిన పాత్ర ఉన్నది. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ముఖ్య భాగస్వాములుగా రూపొందిన మానవ ప్రోటీనుల ముసాయిదా పటం 2014లో వెలువడినది. ఇందులో 30 రకాల మానవ నమూనాలను పరిశీలించి, 17 వేలకు పైగా జన్యువులకు చెందిన ప్రోటీనులను గుర్తించారు.

2021లో ఆల్ఫాఫోల్డ్ డేటాబేసు ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. అమైనో ఆమ్లాల వరుసను బట్టి ప్రోటీను ఆకారాన్ని కంప్యూటరు ఊహించి చెప్పే పద్ధతి ఇది. 2022లో ఇందులోని ఊహా నిర్మాణాల సంఖ్య 20 కోట్లు దాటినది. ఈ పద్ధతిని రూపొందించిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ 2024లో డేవిడ్ బేకర్‌తో కలిసి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

ఒక పద్దును చదివే విధానం

ఆస్ట్రోసైటులకు గుర్తుగా ఎక్కువగా వాడే ప్రోటీను పేరు గ్లియల్ ఫిబ్రిల్లరీ ఆసిడిక్ ప్రోటీన్. దీనిని క్లుప్తంగా జీఎఫ్ఏపీ అంటారు. లారెన్స్ ఎంగ్, ఆయన సహచరులు మల్టిపుల్ స్క్లిరోసిస్ రోగుల మెదడులోని పాత మచ్చల నుండి దీనిని వేరుచేసి 1971లో వివరించారు. యూనిప్రాట్‌లో మానవ జీఎఫ్ఏపీ పద్దు సంఖ్య పి14136. ఆ పద్దులో పాఠకుడు గమనించవలసిన అంశాలు ఇవి.

పొడవు: ప్రధాన రూపంలో 432 అమైనో ఆమ్లాలు. డేటాబేసులో ప్రతి అమైనో ఆమ్లానికి ఒక వరుస సంఖ్య ఉంటుంది. వ్యాధులను చర్చించేటప్పుడు ఈ సంఖ్యలే చిరునామాలు.

భాగాలు: జీఎఫ్ఏపీకి తల, నడుమ కడ్డీ వంటి భాగం, తోక ఉన్నవి. కడ్డీ భాగాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని తాళ్ళ వలె మారి కణానికి అస్థిపంజరంగా నిలుస్తాయి. వీటిని మధ్యమ తంతువులు అంటారు.

రూపాంతరాలు: ఒకే జన్యువు నుండి కొద్ది తేడాలతో ఒకటి కంటె ఎక్కువ ప్రోటీనులు తయారు కావచ్చును. జీఎఫ్ఏపీకి తోక భాగం మారిన రూపాలు ఉన్నవి. తోకను మాత్రమే గుర్తుపట్టే రసాయనంతో వెదికితే వీటిలో కొన్ని కనబడకుండా పోతాయి.

సాక్ష్యం స్థాయి: యూనిప్రాట్ ప్రతి ప్రోటీనుకు ఐదు స్థాయిలలో ఒకదానిని ఇస్తుంది. ప్రోటీను స్వయంగా కనబడినది, దాని ఆర్ఎన్ఏ మాత్రమే కనబడినది, పోలికను బట్టి ఉండవచ్చునని భావించినది, కంప్యూటరు ఊహించినది, సందేహాస్పదమైనది - ఇవి ఆ ఐదు. జీఎఫ్ఏపీ మొదటి స్థాయికి చెందినది.

జీఎఫ్ఏపీని ఆస్ట్రోసైటుల గుర్తు అని పద్దులో చదివి, అది కనబడిన ప్రతి కణమూ ఆస్ట్రోసైటే అనుకొనడం పొరపాటు. మెదడులోని కొన్ని మూలకణాలలోను, ప్రేగుల గోడలోని గ్లియా కణాలలోను కూడా ఇది ఉంటుంది. అట్లే మెదడు పై పొరలోని ఎన్నో ఆరోగ్యవంతమైన ఆస్ట్రోసైటులలో ఇది చాలా తక్కువగా ఉండి కంటికి కనబడదు. మెదడుకు గాయమైనపుడు ఆస్ట్రోసైటులలో దీని పరిమాణం పెరుగుతుంది, కొంత రక్తంలోకి కూడా చేరుతుంది. తలకు దెబ్బ తగిలిన పెద్దలలో రక్తంలోని జీఎఫ్ఏపీని, మరొక ప్రోటీనును కొలిచే పరీక్షకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతి ఇచ్చినది. సీటీ స్కాను అవసరమా కాదా అని నిర్ణయించడంలో ఈ పరీక్ష వైద్యులకు తోడ్పడుతుంది.

అలెగ్జాండర్ వ్యాధి

1949లో డబ్ల్యు. స్టూవర్ట్ అలెగ్జాండర్ ఒక పసిబిడ్డలో ఈ వ్యాధిని వర్ణించాడు. తల అసాధారణంగా పెరగడం, మూర్ఛలు, ఎదుగుదల కుంటుపడడం, మెదడులోని తెల్ల పదార్థం క్షీణించడం దీని లక్షణాలు. ఆస్ట్రోసైటులలో రోజెంతాల్ తంతువులు అనే ముద్దలు పేరుకొంటాయి. 1998లో జీఎఫ్ఏపీని మోతాదుకు మించి తయారు చేసే చుంచెలుకలలో అటువంటి ముద్దలే కనబడినవి. ఈ ఆధారంతో రోగుల జన్యువును పరిశీలించగా, 2001లో జీఎఫ్ఏపీ జన్యువులోని ఉత్పరివర్తనాలే వ్యాధి కారణమని తేలినది. అంతవరకు వ్యాధిని నిశ్చయంగా నిర్ధారించడానికి మెదడు ముక్కను తీసి చూడవలసి వచ్చేది, లేదా మరణానంతరం తెలిసేది. ఆ తరువాత రక్త నమూనాలోని డీఎన్ఏతోనే నిర్ధారణ సాధ్యమైనది.

ఈ ఉత్పరివర్తనాలలో తరచుగా కనబడేవి 79వ, 239వ స్థానాలలోని ఆర్జినిన్‌ను మార్చేవి. పద్దులోని భాగాల పటంతో పోల్చి చూస్తే ఈ రెండు స్థానాలూ కడ్డీ భాగంలోనే ఉన్నట్లు తెలుస్తుంది. తాళ్ళు పెనవేసుకొనే చోటనే లోపం ఉన్నదన్నమాట. జీఎఫ్ఏపీ బొత్తిగా లేని చుంచెలుకలు దాదాపు మామూలుగానే జీవిస్తాయి. కనుక వ్యాధికి కారణం ప్రోటీను లేకపోవడం కాదు, చెడిన ప్రోటీను పేరుకొనడం. ఈ తర్కం నుండే జీఎఫ్ఏపీ తయారీని తగ్గించే చికిత్స ఆలోచన పుట్టినది. 2018లో చుంచెలుకలలో ఇది మంచి ఫలితాన్ని చూపినది. ఆ తరువాత మనుషులపై కూడా పరీక్షలు ఆరంభమైనవి.

ఆక్వాపోరిన్-4, చూపు పోగొట్టే వ్యాధి

ఆస్ట్రోసైటుల పాదాలలో దట్టంగా ఉండే నీటి ద్వారం పేరు ఆక్వాపోరిన్-4. కణపొరలలో ఇటువంటి నీటి ద్వారాలు ఉన్నవని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రె 2003 నోబెల్ బహుమతిని రోడెరిక్ మెకినన్‌తో పంచుకొన్నాడు. మానవ ఆక్వాపోరిన్-4 పొడవు 323 అమైనో ఆమ్లాలు. ఇది కణపొరను ఆరుసార్లు దాటుతుంది. దాని రెండు కొసలూ కణం లోపల ఉండగా, మూడు మెలికలు కణం వెలుపలికి వస్తాయి.

న్యూరోమయలైటిస్ ఆప్టికా అనే వ్యాధిలో కంటి నాడి, వెన్నుపాము దెబ్బతింటాయి. చూపు పోవడం, కాళ్ళు చచ్చుబడడం జరుగుతుంది. దీనిని చాలాకాలం మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో ఒక రకంగా భావించారు. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన వాండా లెన్నన్ బృందం ఈ రోగుల రక్తంలో ఒక ప్రత్యేక ప్రతిరక్షకాన్ని గుర్తించినది. అది పట్టుకొనేది ఆక్వాపోరిన్-4నే అని 2005లో నిరూపించారు. ఈ భేదం రోగికి ప్రాణప్రదమైనది. మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు ఇచ్చే బీటా ఇంటర్‌ఫెరాన్ వంటి మందులు ఈ వ్యాధిని మరింత తీవ్రం చేయగలవు.

పరీక్షను సరిగా రూపొందించడానికి డేటాబేసులోని రెండు వివరాలు ఉపకరిస్తాయి. మొదటిది, ప్రతిరక్షకం కణం బయటి నుండి వస్తుంది కనుక అది పట్టుకొనేది వెలుపలి మెలికలనే. రెండవది, ఈ ప్రోటీనుకు ఒకటవ స్థానం నుండి మొదలయ్యే పొడవైన రూపం, 23వ స్థానం నుండి మొదలయ్యే పొట్టి రూపం ఉన్నవి. నాలుగేసి ప్రోటీనులు జట్టుగా కూడుతాయి. పొట్టి రూపంలో ఆ జట్లు గళ్ళ గుడ్డ వలె వరుసలుగా అమరుతాయి. రోగుల ప్రతిరక్షకాలు ఈ వరుసలను గట్టిగా పట్టుకొంటాయి. అందుచేత ప్రోటీనును విడదీసి చేసే పరీక్షల కంటె, కణపొరపై సహజంగా అమరిన ప్రోటీనుతో చేసే పరీక్షలు ఎక్కువ నమ్మదగినవి.

ట్రెమ్2, మైక్రోగ్లియా

ట్రెమ్2 మైక్రోగ్లియా పైపొర మీద ఉండే 230 అమైనో ఆమ్లాల గ్రాహకం. 2013లో రెండు పరిశోధక బృందాలు దీని 47వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు హిస్టిడిన్ ఉన్నవారిలో అల్జీమర్స్ వ్యాధి వచ్చే అవకాశం హెచ్చు అని ప్రకటించాయి. ఇది సుమారు 2 నుండి 4 రెట్లు ఉంటుందని అంచనా. ఇదే ప్రోటీను రెండు ప్రతులూ చెడినపుడు నాసు-హకోలా వ్యాధి వస్తుంది. దానిలో ఎముకలలో బుడగలు, చిన్న వయసులోనే మతిభ్రంశం కలుగుతాయి.

ఒకే ప్రోటీనులోని మార్పులు రెండు వేరు వ్యాధులకు ఎట్లు దారి తీస్తాయి? 2016లో నిర్ధారించి ప్రోటీన్ డేటా బ్యాంకులో చేర్చిన ట్రెమ్2 నిర్మాణం దీనికి జవాబు సూచించినది. నాసు-హకోలా మార్పులు ప్రోటీను లోపలి భాగంలో ఉండి దాని మడతనే పాడుచేస్తాయి. 47వ స్థానం ఉపరితలం మీద ఉన్నది. అక్కడి మార్పు మడతను అంతగా చెడగొట్టక, ఇతర పదార్థాలను పట్టుకొనే శక్తిని తగ్గిస్తుంది.

ఏ కణంలో ఏ ప్రోటీను?

దీనిని తెలుసుకొనడానికి ప్రధానంగా మూడు రకాల సమాచారం ఉన్నది.

మొదటిది ఆర్ఎన్ఏ కొలత. ఇది ప్రోటీను తయారీకి వచ్చిన ఉత్తరువును చూపుతుంది. ఉత్తరువు ఎంత ఉన్నదో ప్రోటీను కూడా అంతే ఉంటుందని చెప్పలేము.

రెండవది ప్రతిరక్షకాలతో కణజాలానికి రంగు వేసి చూడడం. హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ మెదడు పై పొరలో నాడీకణాలకు, గ్లియా కణాలకు వేరువేరుగా ఫలితాన్ని ఇస్తుంది. అయితే అక్కడ గ్లియా అన్నపుడు పైన చెప్పిన మూడు రకాలూ ఒకే మాటలో కలిసిపోతాయి. ఫలితం ఎంత నమ్మదగినదో సూచిస్తూ అట్లాస్ నాలుగు శ్రేణులను కూడా ఇస్తుంది. చిత్రంతోపాటు ఆ శ్రేణిని కూడా చూడాలి.

మూడవది మాస్ స్పెక్ట్రోమెట్రీ. ఇందులో ప్రోటీనులను ముక్కలుగా కోసి, వాటి బరువులను కొలిచి, డేటాబేసులోని వరుసలతో సరిపోల్చుతారు. జర్మనీ శాస్త్రవేత్తలు 2015లో ఈ పద్ధతితో చుంచెలుక మెదడులోను, దాని నుండి వేరుచేసిన నాడీకణాలు, ఆస్ట్రోసైటులు, ఆలిగోడెండ్రోసైటులు, మైక్రోగ్లియాలలోను కలిపి సుమారు 13 వేల ప్రోటీనులను గుర్తించారు.

పరిమితులు

మాస్ స్పెక్ట్రోమెట్రీలో డేటాబేసులో లేని వరుసను యంత్రం చూచినా సాధారణ అన్వేషణలో గుర్తించజాలదు. పై జీఎఫ్ఏపీ ఉదాహరణనే తీసుకొందాము. ముక్కలు కోయడానికి వాడే ట్రిప్సిన్ అనే ఎంజైము లైసిన్, ఆర్జినిన్‌ల తరువాత కోస్తుంది. 239వ ఆర్జినిన్ మారిపోతే అక్కడ కోత పడదు. రెండు ముక్కలుగా రావలసినది ఒకే పెద్ద ముక్కగా వస్తుంది. సాధారణ వరుసతోనే పోల్చినవారికి ఆ ముక్క ఎవరిదో తెలియదు. వ్యాధి కారకమైన ప్రోటీను ఎదుటనే ఉండి కూడా జాబితాలోకి ఎక్కదు. కనుక రోగుల నమూనాలను పరిశీలించేటప్పుడు ఉత్పరివర్తనంతో కూడిన వరుసను కూడా చేర్చి వెదకవలెను.

జంతువుల నుండి మనుషులకు పోలిక తెచ్చునపుడు కూడా జాగ్రత్త అవసరం. 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే ప్రోగ్రాముతో రెండు జాతుల ప్రోటీను వరుసలను క్షణాలలో పోల్చవచ్చును. కాని వరుస పోలినంత మాత్రాన ఫలితం పోలదు. ట్రెమ్2లోని 47వ స్థానపు మార్పును చుంచెలుక జన్యువులో ప్రవేశపెట్టినపుడు, ఆర్ఎన్ఏ కత్తిరింపు చెడి ప్రోటీను పరిమాణమే తగ్గిపోయినది. మనుషులలో అట్లు జరగదని 2018లో తేలినది.

ఆల్ఫాఫోల్డ్ చూపే ఆకారం ప్రయోగంలో చూచినది కాదు, ఊహ మాత్రమే. ప్రతి భాగానికీ ఆ ఊహపై ఎంత నమ్మకం ఉంచవచ్చునో ఒక అంకె ఉంటుంది. స్థిరమైన ఆకారం లేని తల, తోక వంటి భాగాలలో ఆ అంకె సాధారణంగా తక్కువగా ఉంటుంది. అదిగాక ఈ డేటాబేసులోని నిర్మాణాలు ప్రధానంగా ఒంటరి గొలుసులవి. జీఎఫ్ఏపీ తాడుగా పెనవేసుకొన్నప్పుడు, ఆక్వాపోరిన్-4 జట్టుగా కూడినప్పుడు మాత్రమే వాటి అసలు పని కనబడుతుంది.

డేటాబేసును వాడే క్రమం

విద్యార్థులు ఏ గ్లియా ప్రోటీనునైనా ఈ క్రమంలో పరిశీలించవచ్చును. ఈ డేటాబేసులను చూడడానికి రుసుము లేదు.

1. యూనిప్రాట్‌లో ప్రోటీను పేరుతో వెదకి, మానవునికి చెందిన, నిపుణులు పరిశీలించిన పద్దును ఎంచుకొనవలెను. ఒకే పేరుతో చుంచెలుక, ఎలుక పద్దులు కూడా ఉంటాయి.
2. పొడవు, రూపాంతరాలు, సాక్ష్యం స్థాయి వ్రాసుకొనవలెను.
3. వ్యాధికి సంబంధించిన స్థానాలు ప్రోటీనులోని ఏ భాగంలో ఉన్నవో పోల్చవలెను.
4. ప్రయోగంతో తేలిన నిర్మాణం ఉన్నదా అని ప్రోటీన్ డేటా బ్యాంకులో చూడవలెను. లేనిచో ఆల్ఫాఫోల్డ్‌ను, దాని నమ్మకపు అంకెలతో సహా చూడవలెను.
5. హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్‌లో ఆ ప్రోటీను ఏ కణాలలో కనబడినదో, ఏ శ్రేణి ఇచ్చారో గమనించవలెను.
6. పద్దులో పేర్కొన్న మూల పరిశోధనా పత్రాన్ని కనీసం ఒక దానినైనా తెరచి చదవవలెను.

ఈ చివరి మెట్టును ఎక్కువమంది వదలివేస్తారు. డేటాబేసులోని వాక్యం ఏ ప్రయోగంపై ఆధారపడినది, అది మనిషి మెదడుపై చేసినదా, గాజుపాత్రలో పెంచిన కణాలపై చేసినదా అన్నది అక్కడనే తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

మెదడు
నాడీకణం
మాంసకృత్తులు
అమైనో ఆమ్లాలు
ఉత్పరివర్తనం
అల్జీమర్స్ వ్యాధి